మూడు జానల అక్క

ఎవరింటికి వెళ్లినా ఆమె ముందు తలుపు కొలిచేది. చెప్పులు విప్పకముందే, పలకరింపులు కాకముందే, బొటనవేలు ద్వారబంధానికి ఆనించి, చిటికెన వేలు చాచి, ఒకటి, రెండు, మూడు అని జానలు వేసుకుంటూ పోయేది. మూడో జాన తర్వాత కాస్త ఖాళీ మిగిలితే ముఖం విప్పారేది. "మీది మంచి ఇల్లు" అనేది. మిగలకపోతే ఆ ఇంట్లో ఎంత ఖరీదైన సోఫాలున్నా ఆమె లెక్కలో అది ఇల్లే కాదు. ఆమె కూతురు సిరి చక్రాల కుర్చీ వెడల్పు సరిగ్గా మూడు జానలు. అందుకని లిమరిక్‌లోని తెలుగువాళ్లం ఆమెకు చాటుగా మూడు జానల అక్క అని పేరు పెట్టుకున్నాం. చాటుగా అని మేం అనుకున్నాం గానీ ఆమెకు తెలుసు.

మొన్న ఆమె పోయింది. అరవై కూడా నిండలేదు. ఆమె ఏం చదివింది, ఏ సంవత్సరం ఐర్లండ్ వచ్చింది అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నల్గొండ వైపు మనిషి అని తెలుసు, అదీ మాటను బట్టి. నాకు గుర్తున్నదంతా ఆమె చేతులు, ఆమె మాటలు, ఆమెకు నేను చేసిన ఒక పని. ఆ పని గురించి చెప్పాలంటే ముందు ఆమెను మీకు చూపించాలి.

రోడ్డు పనివాళ్లు వేసుకునే మెరిసే జాకెట్టు ఒకటి, నిమ్మపండు రంగుది, ఆమె ఒంటి మీద ఎప్పుడూ ఉండేది. మామూలు రోజుల్లో చుడీదార్ మీద, ఉగాదికి మేమంతా కమ్యూనిటీ హాల్లో కలుసుకుంటే పట్టుచీర మీద. ఒకసారి మా ఆవిడ ఉండబట్టలేక, "అక్కా, ఫోటోల్లో బాగోదు, కాసేపు తీసేయొచ్చుగా" అంది.

"ఒకపారి షాపు ముంగట ఒకాయన ఎనకకు జూడకుంట కారు తీసిండు. పిల్లను పక్కకు గుంజిన కాబట్టి బతికింది. ఏందయ్యా అంటే, మీరు కనవడలేదన్నడు. గప్పటి సంది కనవడుతున్న" అంది ఆమె, పులిహోర వడ్డిస్తూ.

ఇంకో అలవాటు. ఈ దేశంలో ఏది అడిగినా 'గ్రాండ్' అంటారు, భేషుగ్గా ఉందని. డాక్టరు దగ్గర, కౌన్సిల్ ఆఫీసులో, బడిలో, అంతటా గ్రాండే. మేమంతా ఆ మాట వినగానే పని అయిపోయిందని సంబరపడి ఇంటికి వచ్చేవాళ్లం. ఆమె మాత్రం అక్కడే నిలబడి, "గ్రాండ్. విచ్ డేట్?" అని అడిగేది. అవతలివాళ్లు నవ్వితే ఆమె కూడా నవ్వేది. నవ్వడం అయ్యాక మళ్లీ అడిగేది. అడగందే అమ్మైనా పెట్టదని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆమె అయితే అమ్మ పెట్టాక కూడా ఇంకో ముద్ద అడిగే రకం.

మాంద్యం రోజులవి. నేను వైద్య పరికరాల ప్లాంటులో నాణ్యత చూసే ఇంజనీరుని. నెలకో బల్ల ఖాళీ అయ్యేది, మిగిలినవాళ్లం దాని వైపు చూడకుండా టీ తాగేవాళ్లం. ఆమె భర్తకు ఇక్కడి ఉద్యోగం పోయి, దూరంగా స్వోర్డ్స్ అనే ఊళ్లో ఎయిర్‌పోర్టు దగ్గర పని దొరికింది. శుక్రవారం వచ్చి ఆదివారం వెళ్లేవాడు. మిగతా రోజుల్లో పిల్లను లేపడం, కుర్చీ ఎక్కించడం, కుర్చీ మడిచి కారులో పెట్టడం అన్నీ ఆమే.

సిరికి అప్పుడు ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే కాళ్లలో బలం లేదు. నోట్లో మాత్రం చాలా బలం. తల్లి తెలుగులో ఒకటి అంటే లిమరిక్ యాసలో నాలుగు అనేది. మా పిల్లలంతా చదివే బడి పాతది, గదులు చాలక వెనక ఒక ప్రిఫ్యాబ్ తెచ్చి దింపారు. ఎక్కడో తయారుచేసి లారీ మీద తెచ్చిన చెక్క గది అది. దానికి మూడు మెట్లు. సెకండ్ క్లాసు వరకు పిల్లలు ప్రధాన భవనంలో ఉంటారు, థర్డ్ క్లాసుకి ఆ ప్రిఫ్యాబ్‌లోకి వెళ్తారు. సిరి సెకండ్ క్లాసులో ఉంది. వచ్చే సెప్టెంబరులోగా ఆ మెట్ల సంగతి తేలకపోతే, ఊరికి ఆ చివరన ఉన్న ప్రత్యేక బడికి పంపుకోవచ్చని బడివాళ్లు మెత్తగా చెప్పడం మొదలుపెట్టారు.

"నా బిడ్డ కాళ్లకు బలం లేదు, నిజమే. ఎక్కాలకు ఏమైంది? దోస్తులకు ఏమైంది?" అనేది ఆమె.

ఆ శరదృతువులోనే బడి బోర్డుకి ఎన్నికలు వచ్చాయి. నాలుగేళ్లకోసారి తల్లిదండ్రుల తరఫున ఒక అమ్మను, ఒక నాన్నను ఎన్నుకుంటారు. అమ్మ సీటుకి ఒక్కరే నిలబడ్డారు, పోటీ లేదు. ఆ సీటుకి నువ్వే నిలబడొచ్చు కదా అని ఆమెను అడిగాం. "బోర్డుల కూసున్నంక లోపటి ముచ్చట బయట చెప్పొద్దట. నాకు నోరు మూసుకునుడు రాదు" అంది.

నాన్న సీటుకి ముగ్గురం. ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక బిల్డరు, నేను. బిల్డరు అంటే దేశంలో ఇళ్లు కట్టడం ఆగిపోయి ఏడాదిన్నరగా పనిలేక ఉన్నవాడు. గేటు దగ్గర జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడేవాడు, పెద్దగా మాట్లాడేవాడు కాదు. నన్ను నిలబెట్టింది మా తెలుగు కుటుంబాలు. మనవాడొకడు బోర్డులో ఉండాలన్నారు. నేను ఇంగ్లీషు బాగా రాస్తానని పేరు. ఇంటి ఓనరుకి, వీసా ఆఫీసుకి, ఎవరికి ఉత్తరం రాయాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. కాదనడం ఎందుకు, నాకూ లోపల సరదాగానే ఉంది.

ఆమె ముగ్గురికీ కబురు పెట్టింది. పొద్దున బడి గంట కొట్టాక వెనక ప్రాంగణానికి రమ్మంది. బ్యాంకు ఆయన తప్పకుండా వస్తానన్నాడు, రాలేదు. నేను ఆఫీసుకి వెళ్తూ టైతో వెళ్లాను. సిరి పాత కుర్చీ అక్కడ ఉంది. అందులో ఇరవై కిలోల సోనా మసూరి బస్తా కూర్చుని ఉంది. దానికి బెల్టు కూడా పెట్టింది.

"నా బిడ్డ బరువు గింతే ఉంటది. గేటు కాడికెల్లి క్లాసు దాకా తీస్కపోయి సూపియ్యి" అంది.

"సిరి ఏదక్కా?" అన్నాను.

"బిడ్డను కూసోబెట్టి పరీక్షలు జెయ్య. అది మనిషి. బియ్యమైతె పడ్డా ఏడ్వదు."

నేను నవ్వుకుంటూ తోశాను. చదునుగా ఉన్నంతవరకు బాగానే వెళ్లింది. మెట్ల దగ్గర కుర్చీని వెనక్కి వంచి ముందు చక్రాలు మొదటి మెట్టు మీద పెట్టబోయాను. బస్తా బెల్టులోంచి జారి, మెట్టు అంచుకి తగిలి చిరిగింది. తడి నేల మీద బియ్యం ఒలికాయి. ఎక్కడినుంచి వచ్చాయో రెండు సీగల్ పక్షులు వాలాయి. నేను ప్యాంటు దులుపుకుని, ఇది చాలా అన్యాయమనీ, గెలిస్తే మొదటి సమావేశంలోనే ఈ విషయం లేవనెత్తుతాననీ చెప్పాను. ఆమె వంగి బియ్యం ఎత్తుకుంటూ "సరే తమ్మీ" అంది.

బిల్డరు వంతు వచ్చేసరికి ఆమె ఇంకో బస్తా తెచ్చింది. నేను ఆఫీసుకి ఆలస్యమైనా ఉండిపోయాను, వీడేం చేస్తాడో చూద్దామని. అతను కుర్చీని మెట్ల దాకా తోసి, అక్కడ ఆపేశాడు. ఎత్తే ప్రయత్నమే చేయలేదు. మోకాళ్ల మీద కూర్చుని మెట్ల కింద తొంగి చూశాడు. తర్వాత ఆ తడిలోనే పడుకుని గది అడుగున చేయి పెట్టి ఏదో తడిమాడు. లేచేసరికి ముఖం ఎర్రబడింది.

"దీన్ని బిగించింది నేనే" అన్నాడు ఆమెతో. "మూడు మెట్లు పెట్టమన్నారు, పెట్టాను. ఎవరు ఎక్కుతారని అడగలేదు."

మర్నాడు సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. మా తలుపు ఎప్పుడో కొలిచేసింది కాబట్టి నేరుగా లోపలికి వచ్చి, రేకు కాగితంలో చుట్టిన సర్వపిండి బల్ల మీద పెట్టింది.

"నీకు ఓటెయ్య తమ్మీ. చాటుగ ఆయనకేసి రేపు నీ మొఖం జూసుడు నాతోని కాదు. గందుకే చెప్పిపోదామని వచ్చిన" అంది.

మన తెలుగువాళ్లలో ఇలా ఎవరూ చేయరు. ఎవరు అడిగినా 'మీకే అండీ' అంటాం, ఇష్టమొచ్చినవాళ్లకి వేస్తాం. ఆ మొహమాటమే మనకు మర్యాద. నాకు చెవులు కాలాయి. "మనవాడొకడు ఉండాలని అందరూ అనుకుంటుంటే, నువ్వు ఇలా..." అన్నాను.

"నువ్వు మంచోనివే. నీ మాట గూడ మంచిదే. గని బస్తా పడంగనె నువ్వు ప్యాంటు జూస్కున్నవ్. ఆయన మెట్లు జూసిండు. గంతే తమ్మీ, ఇంకేం లేదు" అని, మా ఆవిడ ఇచ్చిన టీ పూర్తిగా తాగి, సర్వపిండి చల్లారకముందే తినమని చెప్పి వెళ్లింది. నేను తినలేదు. పిల్లవాడూ మా ఆవిడా తిన్నారు.

నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను గెలవనిది ఇంట్లోనే. తానూ బిల్డరుకే వేశానని మా ఆవిడ రెండు వారాల తర్వాత, నేను మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చూసి చెప్పింది. దాంతో మూడ్ పోయింది. ఆ చలికాలమంతా నేను అక్కను చూస్తే ఫోను చూసుకుంటున్నట్టు నటించేవాణ్ణి. ఆమె మాత్రం దూరం నుంచే "తమ్మీ, మంచిగున్నవా?" అని కేకేసేది. ఆ జాకెట్టులో ఆమెను చూడలేదని నటించడం కూడా కష్టమే.

బిల్డరు బోర్డులో ఏం మాట్లాడాడో తెలియదు, జరిగింది మాత్రం అందరికీ తెలిసింది. ర్యాంపుకి డబ్బులు అడిగారు, ప్రభుత్వం దగ్గర లేవన్నారు. అయితే నేనూ పనిలేని నా స్నేహితులూ కలిసి ఊరికే కట్టేస్తామన్నాడు. బీమా కంపెనీ ఒప్పుకోదన్నారు. ఏప్రిల్‌లో అతను ఇంకో దారి పట్టాడు. మెట్లు కదలకపోతే తరగతులే కదలాలి. సెప్టెంబరు నుంచి థర్డ్ క్లాసు ప్రధాన భవనంలో ఉంటుంది, ఫస్ట్ క్లాసు ప్రిఫ్యాబ్‌లోకి వెళ్తుంది. పైసా ఖర్చు లేదు.

సెప్టెంబరులో ఫస్ట్ క్లాసుకి వెళ్లేవాళ్లలో మావాడు ఒకడు. వాడికి చిన్నప్పటి నుంచీ దగ్గు. ఆ చెక్క గది చలికాలంలో ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. గేటు దగ్గర తల్లులు నన్ను పట్టుకున్నారు, మీరు ఉత్తరాలు బాగా రాస్తారట కదా అని. నేను బెట్టు చేయలేదు. ఆ రాత్రే కూర్చున్నాను.

ఈ మార్పు వద్దని బోర్డుకి నాలుగు పేరాలు రాశాను. చెమ్మ గురించి ఒకటి, హీటరు గురించి ఒకటి, ఆరేళ్ల పిల్లలు వానలో ప్రాంగణం దాటి రావడం గురించి ఒకటి, మమ్మల్ని ముందుగా సంప్రదించలేదని ఒకటి. సిరి పేరు గానీ, కుర్చీ అనే మాట గానీ ఎక్కడా లేదు. ఈ మార్పు ఎందుకు చేస్తున్నారో ఆ ఉత్తరం చదివినవాళ్లకు తెలియనే తెలియదు. అలా రాయడానికి చాలా నేర్పు కావాలి, నాకు ఉంది. ముప్పై మంది దాకా సంతకాలు పెట్టారు. నా సంతకం మధ్యలో ఎక్కడో పెట్టుకున్నాను. రాసింది నేనని ఎవరికీ చెప్పొద్దన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. అక్క. చేతిలో నా ఉత్తరం నకలు.

"తమ్మీ, పని బడ్డది. దీనికి జవాబు రాయాలె. నా ఇంగ్లీషు నీకు తెల్సు గదా" అంది.

మా ఆవిడ వంటగదిలోంచి నన్నొక చూపు చూసి టీ పెట్టడానికి వెళ్లిపోయింది. నేను ల్యాప్‌టాప్ తెరిచాను. ఇంకేం చేయగలను?

"ఈ మొదటి పేరాకు ఏమందాం?" అంది ఆమె.

దానికి ఏమనాలో నాకు బాగా తెలుసు. చెమ్మ పట్టిన గోడకి కిందటేడే కొత్త చెక్కలు వేశారు, నేను అది వదిలేశాను. హీటరు పాతదే గానీ పనిచేస్తుంది. ఆ గదికి సొంత మరుగుదొడ్డి ఉంది కాబట్టి ఆరేళ్లవాళ్లు రోజంతా వానలో తిరిగే అవసరం లేదు. నా ఉత్తరంలో లొసుగులు ఎక్కడెక్కడ ఉన్నాయో నాకంటే ఎవరికి తెలుస్తాయి? ఒక్కొక్కటి చెప్తుంటే ఆమె తలూపుతూ, "అబ్బ, మంచిగ పట్టుకున్నవ్ తమ్మీ" అంటోంది.

నాలుగూ అయ్యాక, "ఇంకొక్కటి రాయి. శుక్రవారం ముచ్చట" అంది.

"శుక్రవారం ఏంటక్కా?"

"శుక్రవారం సిరి క్లాసుకు పాటల పీరియడ్ ఆ ప్రిఫ్యాబ్‌లనే. అందరు పైకి పోతరు, ఇది మెట్ల కింద ఉంటది. తోడుండే మేడమ్ గొడుగు పట్టేది. గిప్పుడు ఆమె గంటలు సగం కోసిండ్రు, ఆమె శుక్రవారం రాదు. దీన్ని పెద్ద బిల్డింగు వరండాల పెడ్తరు, తలుపు తెరిచి. లోపల పాట మొదలువెట్టంగనె ఇది వరండాల కెల్లి అందుకుంటది. దూరం గదా, గట్టిగ పాడ్తది. గొంతు పోతది శుక్రవారం శుక్రవారం. నేను అల్లం నీళ్లు కాస్త."

ఆమె ఏడవలేదు. వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పింది. ఏడాదిగా ఇది జరుగుతోంది. నేను రోజూ ఆ బడి గేటు దగ్గర నిలబడుతున్నాను, నాకు తెలియదు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. నా నేర్పు ఏమీ కలపలేదు. ఆ పేరా ఇంగ్లీషులో ఆరు వాక్యాలు వచ్చింది, అది రాయడానికి నాకు గంట పట్టింది.

బోర్డు ఆ రెండు ఉత్తరాలూ చదివి మార్పుకే ఒప్పుకుంది. సెప్టెంబరులో మొదటి రోజు మావాడు రెండు స్వెట్టర్లు వేసుకుని ఆ మూడు మెట్లూ ఒక్క గంతులో ఎక్కేశాడు. సిరి తన కుర్చీ చక్రాలు తనే తిప్పుకుంటూ, ఇద్దరు స్నేహితురాళ్లతో గొడవ పడుతూ, పెద్ద తలుపులోంచి లోపలికి వెళ్లిపోయింది. తల్లికి వీడ్కోలు కూడా చెప్పలేదు. ప్రాంగణంలో అక్కా నేనూ మిగిలాం.

"ముందుగాల్ల ఉత్తరం గూడ నువ్వే రాసినవని నాకు తెల్సు తమ్మీ" అంది ఆమె, తలుపు వైపే చూస్తూ.

ఎవరు చెప్పారని నేను అడగలేదు. "మరి నా దగ్గరికే ఎందుకు వచ్చావక్కా?" అన్నాను.

"మస్తు కోపమొచ్చింది. నీ ఇంటికొచ్చి కొట్లాడదామనుకున్న. మల్ల సదివిన, రెండుసార్లు సదివిన. నాలుగు పేరాలల్ల నా బిడ్డ పేరు లేదు. మిగిలినోళ్లు గేటు కాడ నా మొఖం మీదనే అన్నరు, ఒక్క పిల్ల కోసం ఇంతమందినా అని. నువ్వు దాని పేరు దాసినవ్. ఎందుకు దాసినవ్? సిగ్గయింది నీకు. సిగ్గున్నోని తోటి పనైతది తమ్మీ. గందుకే వచ్చిన."

ఆ తర్వాత పన్నెండు పదమూడేళ్లు ఆమె ఇంట్లో తిన్నాను, మా ఇంట్లో ఆమె తింది. ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మా ఆవిడ దగ్గర గానీ, ఇంకెవరి దగ్గర గానీ ఎత్తలేదు. నేను ఆమెను ఎంత ప్రేమించానో, ఎంత భయపడ్డానో ఇప్పుడు తెలుస్తోంది.

మొన్న అంత్యక్రియల దగ్గర సిరి నా చేయి పట్టుకుంది. పెద్దదైంది, ఉద్యోగం చేస్తోంది. తన లిమరిక్ ఇంగ్లీషులో, "నన్ను ఆ క్లాసులోకి పంపింది మీరేనని అమ్మ ఎప్పుడూ చెప్పేది అంకుల్. మీరు ఉత్తరం రాయకపోతే నేను నా స్నేహితులను పోగొట్టుకునేదాన్నట" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు గౌరవంగా చూశారు. నేను తల వంచుకుని ఆ పిల్ల చేయి నిమిరాను. రాసింది ఒక్కటి కాదు, రెండు అని అక్కడ చెప్పలేకపోయాను. ఇది సిరి కోసం ఇంగ్లీషులో కూడా రాస్తాను.